1919 జార్జి రూపాయి: ఒకరు వీఎఫ్ అంటారు, ఒకరు ఏయూ అంటారు. నాణెం కండిషన్ ఎట్లా తేల్చాలి?

ప్రొద్దుటూరు_బిళ్లలు

అన్నలకు నమస్కారం. పాత బిళ్లలు ఐదు ఉన్నాయి. గ్రేడ్ తెలుసుకుందామని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తాండారు. 0.01 గ్రాము వరకు చూపే కాటా మీద తూచి రాస్తాండా.

1862 విక్టోరియా రాణి రూపాయి, 11.41 గ్రాములు. కిరీటానికి నేరుగా పైన అంచు మీద, ఇంచుమించు అర సెంటీమీటరు మేర నిలువు గీతలు లేవు, నున్నగా ఉంది.

1907 ఎడ్వర్డ్ రూపాయి, 11.55. అద్దం మాదిరి తెల్లగా మెరుస్తాంది. అక్షరాల సందుల్లో మాత్రం నల్లగా ఉంది.

1919 జార్జి రూపాయి, 11.64. బూడిద రంగు, అంచుల దగ్గర నీలం, బంగారు ఛాయ. గొడవంతా దీని గురించే. ఒక అంగట్లో వీఎఫ్ అన్నారు, ఇంకో వ్యాపారి ఏయూ అన్నాడు.

1945 ఆరో జార్జి రూపాయి, 11.62. కొంచెం మసకగా ఉంది కానీ అరిగినట్టు కనపడదు.

1835 ఈస్టిండియా కంపెనీ కాలణా, 6.31. చాక్లెట్ రంగు. రెండు చోట్ల లేత పచ్చ పొడి ఉంది.

నాకు కావాల్సింది మూడు. ఈ అక్షరాలకు, అంకెలకు అర్థమేంది? ఇంట్లో కూర్చొని నేనే ఎట్లా చూసుకోవాలి? 1919 దాన్ని నాణేలకు గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థలు పీసీజీఎస్‌కో, ఎన్‌జీసీకో పంపి డబ్బాలో సీలు చేయిస్తే లాభమా? ఫోటోలు సాయంత్రం పెడతా.

---

కర్నూలు_భూతద్దం

ఫోటో పెట్టే ముందు ఇది చదువు. ఫోటో చూసి మింట్ మెరుపు, అంటే టంకశాలలో కొట్టినప్పుడు పడిన మెరుపు, చెప్పడం కష్టం. ఏయూ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, ఇంచుమించు వాడకంలో తిరగని బిళ్ల) అనేది తేలేది ఆ మెరుపు మీదే.

ఇద్దరూ రెండు వేరే కొలబద్దలతో మాట్లాడి ఉండొచ్చు, ఇద్దరిదీ తప్పు కాకపోవచ్చు. అమెరికా వాళ్లది 1 నుంచి 70 వరకు అంకెల పద్ధతి. విలియం షెల్డన్ 1949లో వాళ్ల పాత పెద్ద రాగి సెంట్ల కోసం దీన్ని తయారు చేసినాడు. బాగా అరిగిన బిళ్ల ధర ఒకటి అనుకుంటే మచ్చలేనిది దానికి డెబ్బై రెట్లు పలుకుతుందని లెక్క. ధరల లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు మాత్రం నిలిచినాయి. బ్రిటిష్ పద్ధతిలో అంకెలు లేవు: ఫైన్, వెరీ ఫైన్ (వీఎఫ్), ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ (ఈఎఫ్, దీన్నే అమెరికా వాళ్లు ఎక్స్‌ఎఫ్ అంటారు), అన్‌సర్క్యులేటెడ్ (వాడకంలో తిరగనిది). పేర్లు అవే అయినా కొలత ఒకటి కాదు. బ్రిటిష్ వాళ్లు గట్టిగా పట్టి చూస్తారు. వాళ్ల వీఎఫ్ ఇంచుమించు అమెరికా ఎక్స్‌ఎఫ్‌కు సమానం, వాళ్ల ఈఎఫ్ అమెరికా ఏయూ దగ్గరికి వస్తుంది. మన దేశంలో పాతతరం వ్యాపారులు బ్రిటిష్ కొలతలో చెప్తారు, ఇంటర్నెట్‌లో అమ్మే కుర్రోళ్లు అమెరికా కొలతలో చెప్తారు. గ్రేడ్ ఎవరు చెప్పినా ముందు ఏ కొలతో అడుగు.

అంకెలు ఇట్లా పోతాయి. 4 గుడ్, 8 వెరీ గుడ్, 12 ఫైన్, 20 నుంచి 35 దాకా వెరీ ఫైన్, 40, 45 ఎక్స్‌ఎఫ్, 50 నుంచి 58 ఏయూ, 60 నుంచి 70 మింట్ స్టేట్, దాన్నే ఎంఎస్ అంటారు. ‘గుడ్’ అంటే మంచిదని మోసపోవద్దు. ఆ గ్రేడ్ బిళ్లలో ఆకారం, సంవత్సరం మాత్రమే మిగిలి ఉంటాయి. ప్రూఫ్ అనేది గ్రేడే కాదు, అది తయారీ పద్ధతి. మెరుగుపెట్టిన డైలతో (బొమ్మ పడేలా కొట్టే అచ్చులతో), ప్రత్యేకంగా సిద్ధం చేసిన బిళ్ల మీద, ఒకటికి రెండు సార్లు కొట్టి తీస్తారు. ప్రూఫ్ బిళ్ల జేబులో తిరిగి అరిగినా ప్రూఫే, అంకె మాత్రం దిగుతుంది.

ఇంట్లో చూసే పద్ధతి చెప్తా. ట్యూబ్‌లైటు ఆపెయ్. ట్యూబ్‌లైటు వెలుగు అన్ని వైపులా పరుచుకుని గీతలనీ అరుగుదలనీ దాచేస్తుంది. 60 వాట్ల పాత రకం బల్బు ఒకటే వెలిగించు, దొరక్కపోతే పసుపు వెలుగు ఎల్‌ఈడీ, గ్లాసు తెల్లది కాకుండా ఒకే బిందువు నుంచి వెలుగు వచ్చేది. కింద మెత్తని గుడ్డ పరుచు. బిళ్లను అంచులతో పట్టుకో, ముఖం మీద వేలు పెట్టొద్దు. బల్బుకు ఒక అడుగు దూరంలో పెట్టి మెల్లగా అటూఇటూ వంచుతూ తిప్పు. ముందు మామూలు కంటితో చూడు, తర్వాతే భూతద్దం. 5 నుంచి 7 రెట్లు చాలు. 20 రెట్లతో చూస్తే ప్రతి బిళ్లా గాయాలపాలైనట్టే కనపడుతుంది, అంత దగ్గర నుంచి ఎవరూ గ్రేడ్ చెయ్యరు.

డై దెబ్బ పడినప్పుడు లోహం మధ్యలో నుంచి అంచులకు పారుతుంది. ఆ పారినప్పుడు కంటికి ఆనని సన్నని గీతలు పడతాయి. బిళ్లను వంచితే వాటి మీద వెలుగు పట్టీలా గుండ్రంగా తిరుగుతుంది. అదే మింట్ మెరుపు. అరుగుదల మొదట ఆ సన్నని గీతలనే తినేస్తుంది. కాబట్టి వెలుగు పట్టీ ఎక్కడ తెగిందో అక్కడ వేళ్లు, జేబు, ఇంకో బిళ్ల రాసుకున్నట్టు లెక్క.

జార్జి రూపాయిలో ముందుగా అరిగేవి ఎత్తైన చోట్లు: కనుబొమ్మ, చెంప ఎముక, చెవి పైభాగం, మీసం, కిరీటంలో నడిమి నగలు, భుజం మీద అంగరఖా ఎంబ్రాయిడరీ, హారంలోని చిన్న ఏనుగు. ఆ ఏనుగు చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. 1911లో తొండం పొట్టిగా పడి పందిలా ఉందని గోల అయింది, 1912లో మార్చినారు. అందుకే 1911 దాన్ని పంది రూపాయి అంటారు. గ్రేడ్ చూసేవాళ్లకు ఆ ఏనుగు మంచి ఆనవాలు. ఏనుగు ముద్దలా మారి, చెవి గాడి సగం పూడి, అంగరఖా పూలు చదునైతే ఫైన్. ఏనుగు ఆకారం తెలుస్తూ, చెవి స్పష్టంగా ఉండి, కిరీటం నగలు చాలావరకు విడివిడిగా ఉండి, భుజం మీద చదును కనపడితే వీఎఫ్. పూలన్నీ నిలిచి, కనుబొమ్మ, చెవి పైన మాత్రమే చదును ఉంటే ఎక్స్‌ఎఫ్. ఆ చదును కూడా లేక రంగు మారడం మాత్రమే ఉండి, చుట్టూ మైదానంలో (బొమ్మ, అక్షరాలు లేని చదును జాగాలో) మెరుపు మిగిలి ఉంటే ఏయూ.

బొమ్మ ఒక్కటే చూసి ఆపొద్దు, బొరుసు కూడా చూడు. రెండింటికీ తేడా ఉంటే బ్రిటిష్ పద్ధతిలో రెండూ రాస్తారు, వీఎఫ్ గీత ఈఎఫ్ అని. అమెరికా పద్ధతిలో ఒకే అంకె ఉంటుంది, అందులో బొమ్మ వైపుకే ఎక్కువ బరువు.

---

అనంత_వెండినాణేలు

పైన చెప్పింది బాగుంది. కానీ ఏనుగు ఒక్కదాన్నే పట్టుకుని గ్రేడ్ చెప్పడం నాకు నచ్చదు. ఏనుగు మొండిగా ఉందంటే అరిగి ఉండాల్సిన పని లేదు, దెబ్బ సరిగా పడకపోయి ఉండొచ్చు, డై బాగా వాడి అరిగిపోయి ఉండొచ్చు. తేడా పట్టే పద్ధతి ఒకటే: ఆ మొండి చోట లోహం చర్మం చూడాలి. దెబ్బ తక్కువ పడిన చోట లోహం గరుకుగా, చుట్టుపక్కల మాదిరే మెరుస్తూ ఉంటుంది. అరిగిన చోట నున్నగా, చుట్టుపక్కల కన్నా వేరే బూడిద రంగులో చదునుగా ఉంటుంది. దెబ్బ తక్కువ పడిన బిళ్ల ఎంఎస్ కూడా కావచ్చు, అంకె కొంచెం తగ్గుతుంది అంతే.

ఇంకో మాట. ఎంత అరిగిందనేది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, పైచర్మం మింట్‌లో పుట్టినదేనా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టినారా అని. పీసీజీఎస్, ఎన్‌జీసీ వాళ్లు చెయ్యి పెట్టిన బిళ్లకు అంకె ఇవ్వరు, ‘ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్’ అని రాసి పంపుతారు. డీటెయిల్స్ అని పడిందంటే ఆ అక్షరాల ధర రాదు. వీఎఫ్-25 అని నిజాయితీగా ఉన్న బిళ్ల, ఏయూ డీటెయిల్స్ బిళ్ల కన్నా ఎక్కువ పలికే సందర్భాలు మామూలే.

నువ్వు చెప్పిన 1907 ఎడ్వర్డ్ ఈ జాతిదే అనిపిస్తుంది. అక్షరాల సందుల్లో నల్లగా, మిగతా అంతా తెల్లగా అంటే గుడ్డతోనో బ్రష్షుతోనో రుద్దినట్టు. మన ఇళ్లలో లక్ష్మీపూజకు పెట్టిన రూపాయిలను చింతపండు, బూడిద, కుంకుడురసంతో తోమడం అలవాటు. చింతపండు పులుపు పైపొర నలుపును కరిగిస్తుంది, బూడిద ఆకురాయిలా గీకుతుంది. ఖాయం చేసుకోవాలంటే బల్బు కింద వంచి చూడు. తోమిన బిళ్లలో ఒకే దిక్కుకు పోయే వెంట్రుక గీతలు మైదానంలో కనపడతాయి. వెలుగు పట్టీ తిరగదు, ఎటు వంచినా ఒకే మెరుపు. కంసాలి దగ్గర మోటారు చక్రంతో మెరుగు పెట్టించినదైతే ఇంకా ఘోరం, గీతలు కూడా ఉండవు, కానీ అక్షరాల మూలలు గుండ్రమై సబ్బుబిళ్ల మీద అక్షరాల్లా ఉంటాయి. ఎడ్వర్డ్ రూపాయిలో రాజుకు కిరీటం లేదు, బోడి తల. చెవి పైన జుట్టు, గడ్డం పాయలు చూడు. పాయల మధ్య గాడులు పూడకుండా తలం మాత్రం మెరిస్తే మామూలు తోముడు, పాయలే కలిసిపోతే చక్రం.

1862 సంగతి తేటగానే ఉంది. కిరీటం పైన అంచు నున్నగా ఉందంటే అక్కడ కొక్కెం టంకం పెట్టి మెడలో వేసుకున్నది, తర్వాత కొక్కెం ఊడదీసి ఆకురాయితో రాకినారు. భూతద్దంతో ఆ చోట వెండి రంగు కొంచెం పసుపుగానో బూడిదగానో తేడాగా ఉంటే టంకం మిగిలినట్టు. దీన్ని ‘మౌంట్ రిమూవ్డ్’ అంటారు, అంకె రాదు. రాయలసీమలో దొరికే విక్టోరియా రూపాయిల్లో ఈ దెబ్బ తిన్నవి తక్కువేం కాదు, కాబట్టి కొనేటప్పుడు ముఖం కన్నా ముందు అంచు చుట్టూ తిప్పి చూడండి. పైగా 1862 అని రాసి ఉన్నంత మాత్రాన అదే ఏడాది కొట్టినది కాదు. ఆ సంవత్సరాన్నే 1874 దాకా వాడినారు. బొరుసు మీద తేదీ దగ్గర చిన్న చుక్కలు ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి లెక్కపెట్టు. రకం తేలేది వాటితోనే. చుక్కల రకం అరుదైతే మౌంట్ దెబ్బ ఉన్నా కొనేవాళ్లు ఉంటారు.

---

కడప_కాటా

గ్రేడ్ కన్నా ముందు అసలుదా నకిలీదా తేల్చాలి, ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాత తులం. వెండి 91.7 శాతం, మిగతాది రాగి. 11.41, 11.55 అరుగుదలకు సరిపోయే లెక్కలే. బరువు సరిపోయినా నకిలీ కావచ్చు కాబట్టి నీళ్ల పరీక్ష చెయ్యి. కాటా మీద సగం నీళ్లు ఉన్న గ్లాసు పెట్టి సున్నా చెయ్యి. బిళ్లను సన్నని దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదియ్. కాటా చూపేది బిళ్ల పక్కకు నెట్టిన నీళ్ల బరువు. బిళ్ల బరువును దాంతో భాగిస్తే సాంద్రత. 91.7 శాతం వెండికి 10.3 చిల్లర రావాలి. అంటే 11.66 గ్రాముల బిళ్లకు కాటా 1.13 దగ్గర చూపాలి. 1.3 దాటితే ఇత్తడి, రాగి మీద వెండి పూత. బుడగలు అంటుకోకుండా ముందు బిళ్లను నీళ్లలో ఒకసారి ముంచి తియ్, బుడగ ఉంటే లెక్క తప్పుతుంది.

నీ 1945ది మాత్రం ఈ లెక్కకు రాదు. 1940 నుంచి వెండి సగానికి దించినారు, మిగతాది రాగి, నికెల్, జింక్. దానికి సాంద్రత 9.5 దగ్గర వస్తుంది. 1947 రూపాయి పులి బొమ్మతో అచ్చంగా నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. వెండి రూపాయి అంటుకుంటే అక్కడికక్కడే పక్కన పెట్టెయ్.

పోత పోసిన నకిలీలకు అంచు చుట్టూ సన్నని అతుకు గీత, మైదానంలో సూదిబెజ్జాలు, అక్షరాల మొదట్లో మెత్తదనం ఉంటాయి.

1919 దాంట్లో అచ్చమైన వెండి 10.69 గ్రాములు. ఎంత అరిగినా మీ ఊరి బంగారు అంగళ్లలో ఆ వెండి లెక్క తక్కువ కాకూడదు. 1945 దాంట్లో 5.83 మాత్రమే. ఇది చాలా మామూలు బిళ్ల, మచ్చలేని ఎంఎస్ అయితే తప్ప వెండి ధర దాటి ఎక్కువ ఆశించొద్దు.

---

ప్రొద్దుటూరు_బిళ్లలు

చాలా సంతోషం అన్నా. చెప్పినట్టే చూసినా. 1919లో మైదానంలో వెలుగు పట్టీ తిరుగుతాంది, రెండు వైపులా. కానీ చెంప మీద, కనుబొమ్మ మీద, భుజం మీద ఆగిపోతాంది, ఆ చోట్లు కొంచెం ముదురు బూడిద. కిరీటం నగలు విడివిడిగా ఉన్నాయి, ఏనుగు కాళ్లు కూడా తెలుస్తాండాయి. చెంప మీద ఒక గాటు, గడ్డం ముందర మైదానంలో రెండు చిన్నవి. నీళ్లలో 1.12 చూపింది. 1907లో పట్టీ లేదు, గీతలు ఎడమ నుంచి కుడికి.

---

కర్నూలు_భూతద్దం

1907 తోమినదే, అనంత అన్న చెప్పింది నిజం. దానికి అంకె వెతకొద్దు.

1919 ఏయూ పరిధిలోదే. చూడకుండా అంకె చెప్పడం ధర్మం కాదు గానీ నువ్వు చెప్పిన లెక్కకు 50, 53 మధ్య. 58 రావాలంటే ఎత్తైన చోట్ల రంగు మారడం చాలా తక్కువ ఉండాలి, మెరుపు ఇంచుమించు నిండుగా ఉండాలి. చెంప మీద గాటు కూడా కిందికి లాగుతుంది. వీఎఫ్ అన్నవాడు బ్రిటిష్ కొలతలో చూసినా అది ఈఎఫ్ కిందికి దిగదు. బేరం కోసం తగ్గించి చెప్పి ఉంటాడు, అది వాళ్ల వృత్తి.

గాట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఎంఎస్ 60 నుంచి 70 దాకా అరుగుదల ఉండదు. ఆ పదకొండు మెట్ల మధ్య తేడా అంతా గాట్లు, మెరుపు, దెబ్బ, చూపుకు ఇంపు. కొత్త బిళ్లలు సంచుల్లో ఒకదానికొకటి తగిలి పడే గాట్లను సంచి గాట్లు అంటారు. ఎన్ని ఉన్నాయనే దాని కన్నా ఎక్కడ ఉన్నాయనేది ముఖ్యం. అంగరఖా పూలలో పది గాట్లు దాక్కుంటాయి, చెంప మీద ఒక్కటి చూసినవాడికి ముందు అదే కనపడుతుంది. బ్యాంకు సంచిలో వచ్చిన కొత్త బిళ్లలకు కూడా పెద్ద అంకె రాకపోవడానికి ఇదొక కారణం.

అంచుల దగ్గర నీలం, బంగారు ఛాయను తుడవొద్దు. అది గాలిలోని గంధకం వెండిని పట్టి ఏర్పడిన పొర. లోపలి నుంచి అంచు వైపుకు పసుపు, ఎరుపు, నీలం క్రమంలో మెల్లగా మారితే అది సహజం. ఒక్కచోట ముద్దలా, గాట్ల మీదుగా కూడా రంగు పారి ఉంటే మందులతో పట్టించినది.

---

గుత్తి_కోటకింద

ఇదే పద్ధతి టిప్పు ఏనుగు పైసాలకు కూడా వర్తిస్తుందా? మా వైపు రాగి పైసాలు దొరుకుతాయి, ఒక్కదాంట్లోనూ బొమ్మ పూర్తిగా ఉండదు. అంటే అన్నీ గుడ్ గ్రేడేనా?

---

ఆదోని_ఇంతియాజ్‌గఢ్

కాదప్పా. చేత్తో సుత్తె కొట్టి చేసిన బిళ్లకు మిషను బిళ్ల కొలత పెడితే అన్నీ ఫెయిలే. అక్కడ డై బిళ్ల కన్నా పెద్దగా ఉండేది. అందుకే ఎంత కొత్తదైనా అక్షరాలు కొన్ని బయటికి పోతాయి. అది అరుగుదల కాదు. నాలుగు సంగతులు విడివిడిగా చూడాలి: బిళ్ల గుండ్రంగా నిండుగా ఉందా, బొమ్మ మధ్యలో పడిందా, దెబ్బ అన్నివైపులా సమానంగా పడిందా, వీటన్నిటి తర్వాత అరుగుదల.

గుత్తి టంకశాల పేరు టిప్పు కాలంలో ఫైజ్ హిసార్. ఫార్సీలో ఆ పేరు బొరుసు మీద చదవగలిగేలా నిలిచి, బొమ్మ వైపు ఏనుగు తొండం నుంచి తోక దాకా బిళ్ల మీదే ఉంటే, కొంచెం అరిగినా మంచి నమూనా. ఏనుగు పదునుగా ఉండి టంకశాల పేరు బయటికి పోయి ఉంటే చూడ్డానికి బాగుంటుంది గానీ సేకరించేవాళ్లు తక్కువకే అడుగుతారు. ఏ టంకశాలదో చెప్పలేని బిళ్ల కాబట్టి. మా ఆదోనిది మొగలుల కాలంలో ఇంతియాజ్‌గఢ్. ఆ రూపాయిలకూ ఇదే లెక్క, ఊరి పేరు, పాలన సంవత్సరం పడిందా లేదా అన్నది ముందు.

వెండి రూపాయిల మీద షరాబు ముద్రలు ఉంటాయి. వెండి అసలుదా కాదా అని చూడ్డానికి షరాబులు, అంటే డబ్బు మార్చే వ్యాపారులు, చిన్న పంచ్‌తో కొట్టిన గుంటలు. ఎక్కువ ఉంటే ధర తగ్గుతుంది, ఒకటీ అరా ఉంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

పొలంలో దొరికినవైతే ఒక మాట. నేలలో దాచినది దొరికి, విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. గ్రేడ్ సంగతి ఆ తర్వాత.

---

నంద్యాల_చిల్లుకాణి

మధ్యలో దూరుతున్నా. ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసి, వెనక హనుమంతుడు ఉన్న అర్ధణా ఏ గ్రేడ్? మూడు లక్షలు అని వీడియోలో చెప్పినారు.

---

కడప_కాటా

దానికి గ్రేడ్ లేదు. కంపెనీ దేవుళ్ల బొమ్మలతో 1818లో నాణేలు కొట్టలేదు. గుళ్ల దగ్గర, జాతరల్లో అమ్మే ఊహా బిళ్లలు అవి. రాముడి పట్టాభిషేకం ఉన్నవీ ఆ కోవకే వస్తాయి. ఆ వీడియోవాళ్లు రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందుగా కమీషను, పన్ను కట్టమంటే కట్టొద్దు. పాత నాణేలు, నోట్ల అమ్మకానికి తాము ఎవరికీ అనుమతి ఇవ్వలేదని, కమీషను అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది.

---

అనంత_వెండినాణేలు

1835 కాలణా గురించి ఎవరూ చెప్పలేదు. కంపెనీ రాగి కాలణా కొట్టినప్పటి బరువు 6.47, నీది 6.31 కాబట్టి మధ్యస్థంగా అరిగినది. బొమ్మ వైపు రెండు సింహాల ఛాతీలు, డాలు ముందుగా అరుగుతాయి. కింది రిబ్బను మీద అక్షరాలు చాలావరకు చదవగలిగితే వీఎఫ్, ముక్కలు ముక్కలుగా ఉంటే ఫైన్.

రాగికి అంకెతో పాటు రంగు కూడా రాస్తారు. మింట్‌లో పుట్టినప్పటి ఎరుపు 95 శాతం, ఆపైన మిగిలితే రెడ్, 5 శాతం లోపైతే బ్రౌన్, మధ్యలోది రెడ్ బ్రౌన్. 1835 బిళ్ల ఎర్రగా మెరుస్తాంటే సంతోషపడొద్దు, ఎవరో యాసిడ్‌లో ముంచినారని అనుమానించు. నీది చాక్లెట్ రంగు అంటే మంచిదే.

లేత పచ్చ పొడి మాత్రం తొందరగా చూసుకోవాల్సింది. గట్టిగా, ముదురు పచ్చగా అతుక్కుని ఉంటే అది పాత పట్టు, కదపొద్దు. లేత పచ్చగా, గోరుతో తాకితే రాలే పొడి అయితే ఉప్పు తగిలి లోహాన్ని లోపల నుంచి తినే జబ్బు. తేమ తగిలినప్పుడల్లా మళ్లీ పుడుతుంది. చెక్క పుల్లతోనో ముదురు తుమ్మ ముల్లుతోనో పొడిని ఏరి తియ్, ఇనుప సూది వాడొద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు రోజులు నానబెట్టి, రోజూ నీళ్లు మార్చి, ఎండకు కాకుండా నీడలో పూర్తిగా ఆరబెట్టు. తర్వాత సిలికా జెల్ పొట్లంతో విడిగా డబ్బాలో పెట్టి నెల రోజులు గమనించు. మళ్లీ పొడి వస్తే కావాల్సింది సోడియం సెస్క్వికార్బొనేట్. 5 శాతం ద్రావణంలో వారాల తరబడి ఉంచాలి. రంగు మారే ప్రమాదం ఉంది, కాబట్టి మామూలు 1835 కాలణాకు అంత అవసరం లేదు. మిగతా నాలుగు బిళ్లలతో కలిపి మాత్రం పెట్టొద్దు.

---

ప్రొద్దుటూరు_బిళ్లలు

పొడి రాలుతాంది అన్నా, విడిగా పెట్టినా. చివరిగా, 1919 దాన్ని పంపించొచ్చా?

---

కర్నూలు_భూతద్దం

రెండు కారణాలకు వద్దంటా. మొదటిది చట్టం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం, గ్రేడింగ్‌కు పంపి మళ్లీ తెప్పించుకుంటా అన్నా సరే. నీ 1919, 1907, 1862, 1835 అన్నీ అందులోకి వస్తాయి. 1945ది 2045 దాకా బయటే. ‘నేను పంపించి తెప్పిస్తా’ అనే ఏజెంటు ఎవరైనా ఉంటే ఏ దారిన పంపుతాడో, ఏ కాగితం ఇస్తాడో ముందు అడుగు.

రెండోది లెక్క. 1919 మామూలుగా దొరికే సంవత్సరమే. బొరుసు కింద పువ్వు దగ్గర చిన్న చుక్క ఉంటే బొంబాయిది, లేకుంటే కలకత్తాది, ఏదైనా అరుదు కాదు. ఏయూ-53 అని డబ్బా మీద రాయించడానికి అయ్యే ఖర్చు, పోస్టు, బీమా కలిపితే బిళ్ల మీద వచ్చే అదనపు ధరను మింగేస్తాయి. సీలు చేయించడం లాభించేది అరుదైన సంవత్సరానికి, నకిలీ భయం ఎక్కువ ఉన్న బిళ్లకు, ఎంఎస్-64 పైమాటకు. 1939 రూపాయి లాంటిది చేతికొస్తే అప్పుడు మాట్లాడు. డబ్బా కొనేటప్పుడు కూడా దాని మీది సర్టిఫికెట్ నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో కొట్టి, అక్కడి ఫోటోతో బిళ్ల గాట్లు సరిపోల్చు. డబ్బాలకే నకిలీలు వస్తాండాయి.

ఇంట్లోనే భద్రం చెయ్. చౌక మెత్తని ప్లాస్టిక్ కవర్లలో పీవీసీ ఉంటుంది. మన ఎండలకు అది తొందరగా చెమర్చి, బిళ్లకు పచ్చని జిగురు పట్టిస్తుంది. పీవీసీ లేని మైలార్ ప్లాస్టిక్ కవరో, 2 అంగుళాల అట్ట ఫ్రేమో వాడు. జిగురు ఇప్పటికే పట్టి ఉంటే కెమికల్ అంగడిలో దొరికే స్వచ్ఛమైన అసిటోన్‌లో గాజు గిన్నెలో పది నిమిషాలు, మళ్లీ కొత్త అసిటోన్‌లో ఒకసారి, రుద్దకుండా ఆరబెట్టు. గోళ్ల రంగు తుడిచే సీసా వద్దు, అందులో రంగులు, నూనెలు కలుపుతారు. కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా చెయ్. రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపరు బిళ్లలకు తగలనియ్యొద్దు, రెండింట్లోనూ గంధకం ఉంటుంది.

అట్ట ఫ్రేముకు కొట్టే పిన్నుల కొనలను పటకారుతో చదును చెయ్, లేకుంటే పక్క బిళ్లను గీస్తాయి. బిళ్ల బయటికి తీసేటప్పుడు అట్టను చించకుండా, ముందు పిన్నులన్నీ ఊడదియ్.